జ్వరం తగ్గింది.. చూపు పోయింది

1882 ఫిబ్రవరి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న ఊరు. 19 నెలల హెలెన్ కెల్లర్‌కు విపరీతమైన జ్వరం వచ్చింది. బతకదనుకున్నారు. ఓ రోజు తెల్లవారుజామున జ్వరం ఉన్నట్టుండి దిగిపోయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. పాపకు చూపు, వినికిడి రెండూ పోయాయని ఆ పూట డాక్టరుకూ తెలియదు.

కడుపులో, మెదడులో రక్తం నిండిందన్నారు అప్పటి వైద్యులు. అది మెదడు పొరల వాపు (మెనింజైటిస్) అయ్యుంటుందని ఇప్పటి వైద్యులు కొందరి అనుమానం. దీన్ని తెచ్చిపెట్టే హిబ్, న్యుమోకాకల్ బ్యాక్టీరియాలకు నేడు టీకాలున్నాయి. సర్కారు దవాఖానాల్లో ఉచితంగానే వేస్తారు. అయినా ఈ జబ్బు వచ్చి తగ్గిన పిల్లలకు చూపు, వినికిడి పరీక్షలు తప్పనిసరి. కొందరిలో కన్ను బాగానే ఉంటుంది, చూసినదాన్ని మెదడే పోల్చుకోలేదు. పైకి చూస్తే ఏమీ తెలియదు.

హెలెన్ రొట్టె కావాలంటే కోసి వెన్న రాస్తున్నట్టు చేతులు ఆడించేది. ఐస్‌క్రీమ్ కావాలంటే వణికేది. చెప్పింది అర్థంకాకపోతే తన్నేది, కిందపడి దొర్లేది. ఓసారి తల్లిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. ఆమె మూడు గంటలు లోపలే ఉండిపోయింది! మొండిపిల్ల అనుకోవటం తేలికే గానీ, చెప్పుకోవటానికి మాట లేని పిల్ల ఇంకేం చేస్తుంది?

ఆరేళ్ల వయసులో బాల్టిమోర్‌లోని పేరున్న కంటి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. చూపు తేలేనని ఆయన ఒప్పుకొన్నారు. అక్కడితో పంపేయలేదు. ఈ పిల్లకు చదువు చెప్పొచ్చంటూ అలెగ్జాండర్ గ్రాహంబెల్‌ను కలవమన్నారు. మందులేని చోట అంతకన్నా మంచి వైద్యం ఏముంటుంది? బెల్ చూపిన దారిలోనే 1887 మార్చి 3న యాన్ సలివాన్ టీచరుగా ఆ ఇంటికొచ్చారు. ఆమెకు 20 ఏళ్లు. ట్రకోమాతో ఆమె చూపూ అంతంతమాత్రమే.

నెల తిరిగింది. పంపు కింద హెలెన్ చేతిమీద నీళ్లు పడుతుండగా, రెండో అరచేతిలో ‘వాటర్’ అక్షరాలను వేళ్లతో రాశారు సలివాన్. జబ్బుకు ముందు హెలెన్ నేర్చి, ‘వా-వా’గా మిగుల్చుకున్న మాట అది. వస్తువులకు పేర్లుంటాయని ఆ క్షణాన తెలిసింది. కొన్ని గంటల్లోనే 30 పదాలు నేర్చేసింది.

1904లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీ పట్టా అందుకున్నారు. 1955లో, 74 ఏళ్ల వయసులో మనదేశానికి వచ్చి నెహ్రూను కలిశారు. 1968 జూన్ 1న కన్నుమూశారు.