ఫ్రెడరిక్ డగ్లస్

ప్రతి సంవత్సరము జూను 19వ తేదిని అమెరికా సంయుక్తరాష్ట్రములలో దాస్యవిమోచన దినోత్సవము జరుగుచున్నది. 1865వ సంవత్సరమున ఆ దినముననే టెక్సాసులోని గాల్వెస్టను పట్టణమందు, బానిసలెల్లరు స్వతంత్రులైరని సైన్యాధిపతి ప్రకటించెను. తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలకు లింకను విమోచన మొసంగి అప్పటికి దాదాపు రెండున్నర యేండ్లు గడచియుండెను. శాసనమునకును ఆచరణమునకును గల యీ యెడమును పూడ్చుటకే ఫ్రెడరిక్ డగ్లస్ తన జీవితమును ధారపోసెను. ఈ సందర్భమున ఆయనను స్మరించుట యుచితమని మేము తలంచుచున్నాము.

డగ్లస్ 1818లో మేరీలాండు రాష్ట్రమున బానిసగా జన్మించెను. తన జన్మదిన మెప్పుడో ఆయన కెన్నడును తెలియలేదు. శైశవముననే తల్లికి దూరమయ్యెను. బాల్టిమోరులో యజమానురాలు అక్షరములు నేర్పనారంభింపగా, చదువు వచ్చిన బానిస లొంగియుండడని ఆమె భర్త మాన్పించెను. ఆ నిషేధమే బాలునకు కనువిప్పయ్యెను. వీథిలోని తెల్లబాలురకు రొట్టెముక్కలిచ్చి వారియొద్ద చదువు నేర్చెను. 1838 సెప్టెంబరులో నావికుని వేషము ధరించి, పరుని పత్రము చేతబట్టి, రైలెక్కి ఉత్తరమునకు పారిపోయెను.

1845లో తన చరిత్రమును తానే వ్రాసి ప్రకటించెను. యజమానుల పేర్లను దాచలేదు. పట్టువడు ప్రమాదము హెచ్చుటచే బ్రిటనుకు తరలిపోయెను. అచ్చటి మిత్రులు 1846లో వెల చెల్లించి ఆయనకు విముక్తిపత్రము సంపాదించిరి. స్వదేశమునకు మరలివచ్చి 1847లో రాచెస్టరున పత్రికను స్థాపించెను. మరుసటి యేట సెనెకా ఫాల్సు సభలో స్త్రీల వోటుహక్కు తీర్మానమును బలపరచెను. అంతర్యుద్ధమున నల్లవారిని సేనలో చేరుడని ప్రోత్సహించెను. తన కుమారుల నిరువురను పంపెను. నల్ల సిపాయికి తక్కువ జీత మిచ్చుచుండుట చూచి, 1863లో లింకనునే కలిసికొని మొఱపెట్టెను.

1865లో, దాస్యము తీరినది గావున దాస్యనిర్మూలన సంఘమును ఎత్తివేయుదమని పూర్వమిత్రుడైన గారిసను సూచించెను. నల్లవానికి వోటు లేనిదే దాస్యము తుదముట్టినట్లు కాదని డగ్లస్ వాదించెను. సంఘము నిలిచెను, 1870లో వోటునందు వర్ణభేదము కూడదని రాజ్యాంగసవరణము వెలువడిన పిదపనే ముగిసెను.

ఆయన శంక నిజమయ్యెను. బండ్లలోను, బసలలోను సమానత్వ మొసంగిన 1875 నాటి శాసనమును 1883లో అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసెను. వార్ధక్యమునందు సైతము, విచారణ లేక నల్లవారిని ఉరిదీయు మూకల దౌర్జన్యమును ఆయన ఖండించుచునే యుండెను. 1895 ఫిబ్రవరి 20వ తేదిని వాషింగ్టనులో మహిళాసభకు పోయివచ్చి, ఆ సాయంకాలమే మరణించెను. మరుసటి యేట ఆ న్యాయస్థానమే రైళ్లలో వేఱు పెట్టెలను సమర్థించెను. పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదని తీర్పు వచ్చుటకు 1954 వఱకును, వోటుహక్కుకు గట్టి శాసనము కలుగుటకు 1965 వఱకును వేచియుండవలసివచ్చెను.

ఆ విమోచనవార్త మన దేశమునకును చేరినది. జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి గ్రంథమును దాస్యనిర్మూలనమునకు పాటుపడిన అమెరికనులకే అంకితమిచ్చెను. 1950లో మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. శాసనము కలిగినది గదా, ఇక పని యేమున్నదని తలంచువారు మనలోను కలరు. అట్టివారు 1865లో డగ్లస్ ఏల అడ్డుపడెనో యొకపరి విచారింతురుగాక.