రెజినాల్డు డెన్నీ

గాలిపటము నెగురవేయుటకు ఉబలాటపడని బాలుడుండడు. నంద్యాల పొలములలోనేమి, ఆళ్లగడ్డ మిట్టలమీదనేమి, గాలి వీచు సాయంకాలమున దారపుచుట్ట చేతబట్టి పరుగెత్తు బాలురు కనబడుచునే యుందురు. పటము ఆకాశమున నున్నను దాని పగ్గము బాలుని చేతిలో నుండును. దారము తెగినచో పటము గాలివాలున కొట్టుకొనిపోవును. మరి దారమే లేకుండ, నేలపై నిలిచినవాడు ఆకాశమందలి విమానమును తన చెప్పుచేతలలో నుంచుకొనగలడా? ఈ ప్రశ్నకు ఓర్పుతో సమాధానము వెదకి, పిల్లల యాటవస్తువును సైన్యమునకు పనికివచ్చు సాధనముగా మార్చిన ప్రముఖులలో రెజినాల్డు డెన్నీ యొకడు. ఆయన పేరెన్నికగన్న శాస్త్రజ్ఞుడు కాడు, చలనచిత్ర నటుడు.

డెన్నీ 1891వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు సమీపమున నున్న రిచ్మండు పట్టణమున జన్మించెను. ఆయన అసలు పేరు రెజినాల్డు లీ డగ్మోరు. తండ్రి పాడుటయందును నటించుటయందును నేర్పరి. రంగస్థలముపై డెన్నీ యను పేరుతో ప్రసిద్ధి కెక్కెను. కుమారుడును ఆ పేరునే స్వీకరించి బాల్యముననే వేదిక నెక్కెను. 1911లో నాటక ప్రదర్శనల నిమిత్తము అమెరికా వెళ్లెను.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. డెన్నీ స్వదేశమునకు మరలి రాచరిక వైమానిక దళమున చేరెను. ఆనాటి విమానములు కొయ్యతోను గుడ్డతోను కట్టిన తేలిక నిర్మాణములు. వాని తీరుతెన్నులను ఆయన దగ్గరనుండి చూచెను. దేహదార్ఢ్యము గలవాడగుటచే సైన్యమున ముష్టియుద్ధమునందును పేరు గడించెను. యుద్ధము ముగిసిన పిదప అమెరికాకు తిరిగివచ్చెను. 1922లో వెలువడిన ఒక మూకీ చిత్రముల వరుసలో ముష్టియోధుని పాత్ర ధరించి ప్రేక్షకుల మన్ననలందెను. అటుపై హాస్యపాత్రలలో హాలీవుడ్డునందు అగ్రశ్రేణి నటుడయ్యెను. టాకీలు వచ్చిన తరువాత ఆయన ఆంగ్లేయపు ఉచ్చారణ అమెరికను కథానాయకుని పాత్రలకు పొసగలేదు. నాయక పాత్రలు తగ్గి సహాయ పాత్రలు లభించుచు వచ్చెను. అందులకాయన కుంగిపోలేదు. నటనను విడువలేదు.

విమానములపై ఆయనకు గల మక్కువ మాత్రము చల్లారలేదు. పొరుగింటి బాలుడొకడు చిన్న విమానపు నమూనాను ఎగురవేయుటకు పడుచున్న పాట్లను చూచి, అతనికి తోడ్పడబోయి, తానే ఆ పనిలో మునిగిపోయెనని చెప్పుదురు. 1934లో ఆయన హాలీవుడ్డు రాజవీథిలో నమూనా విమానముల దుకాణమును తెరచెను. తేలికకొయ్య బద్దలు, పలుచని కాగితము, రబ్బరు పట్టీలు, చిన్న ఇంజనులు మొదలగు పరికరములు అచట లభించుచుండెను. నడివయసు వచ్చిన సినిమా నటుడు పిల్లల బొమ్మలతో ప్రొద్దు పుచ్చుట కొందరికి వింతగా తోచియుండవచ్చును. కాని డెన్నీ దృష్టి బొమ్మతో ఆగలేదు.

ఆ కాలమున విమానములను కూల్చు ఫిరంగులను ప్రయోగించు సైనికులకు సరియైన అభ్యాసము దొరకుట దుర్లభముగా నుండెను. ఒక విమానము పొడవైన త్రాటి చివర గుడ్డసంచి వంటి గురిని కట్టుకొని ఎగురుచుండెను. సైనికులు ఆ గుడ్డను గురిచూచి కాల్చవలెను. ఇందు రెండు లోపములు కలవు. ఆ గుడ్డ తిన్నగా, నెమ్మదిగా పోవునే గాని శత్రు విమానమువలె వంకర తిరుగదు, దుముకదు. అంతకంటె ముఖ్యమైనది, గురి ఏమాత్రము తప్పినను ముందు పోవుచున్న విమాన చోదకుని ప్రాణమునకే ముప్పు. మనిషి లేని చిన్న విమానమునే గురిగా పంపినచో ఈ రెండు చిక్కులును తీరునని డెన్నీ తలంచెను.

రేడియో తరంగములచే యంత్రమును నడపుట అప్పటికి పూర్తిగా క్రొత్త సంగతి కాదు. 1898లోనే నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమున నీటిపై చిన్న పడవను రేడియోచే నడిపి చూపరులను ఆశ్చర్యపరచెను. 1935లో ఇంగ్లండువారు మనుష్యులెక్కు పరిమాణము గల విమానమునకే రేడియోను అమర్చి, దానికి రాణియీగ యను అర్థము గల పేరు పెట్టిరి. చోదకుడు లేని విమానములకు పోతుటీగ యను అర్థము గల డ్రోను అను పేరు దీనినిబట్టియే వచ్చెనని పలువురందురు. అయితే అట్టి పెద్ద విమానమును కాల్చి కూల్చుట మిక్కిలి ఖర్చుతో గూడిన పని. కూలినను చింతలేనంత చవుకగా, చిన్నదిగా, ఐనను నిజమైన విమానమువలె మెలకువగా తిరుగునట్టి దానిని నిర్మించుటయే డెన్నీ సంకల్పము.

చెప్పినంత సులభము గాదు చేయుట. నీటిపై పడవ దారి తప్పినచో నిలిచిపోవును. గాలిలో విమానము దారి తప్పినచో నేలగూలును. ఆనాటి రేడియో పరికరములలో గాజు గొట్టములును, బరువైన బ్యాటరీలును ఉండెను. ఇంజను అదురునకు అవి చెడకుండవలెను. బరువు హెచ్చినచో విమానము లేవదు. నేలపై నున్నవాడు మీట నొక్కగానే తరంగము పోయి విమానములోని గ్రాహకమును చేరవలెను. అది వెంటనే తోక యందలి చుక్కానిని ప్రక్కకో, ఎత్తుపలకను పైకో క్రిందికో త్రిప్పవలెను. నడపువానికి వేరొక చిక్కు కలదు. విమానము తననుండి దూరముగా పోవునప్పుడు దాని కుడి తన కుడియే. అది తనవైపు తిరిగి వచ్చునప్పుడు దాని కుడి తనకు ఎడమగును. క్షణకాలము తికమకపడినను శ్రమయంతయు మట్టిపాలగును.

1935లో డెన్నీ తన మొదటి నమూనాను అమెరికా సైన్యాధికారులకు చూపెను. అది వెంటనే కొనుగోలునకు దారితీయలేదు. డెన్నీ నిరాశపడక తనకు తెలియని విద్య తెలిసినవారిని చేరదీసెను. వాల్టరు రైటరు అను ఇంజనీరు చిన్న ఇంజనుల నిర్మాణమున దిట్ట. అతని నమూనాను డెన్నీ బృందమువారు 1938లో కొని, దానిని డెన్నీప్లేను అను పేరను, దాని ఇంజనును డెన్నీమైటు అను పేరను ఔత్సాహికులకు విక్రయించిరి. రేడియో విద్యలో కెన్నెత్తు కేసు అను నిపుణుడు తోడ్పడెను. ఒక నమూనాలోని తప్పును మరొకదానిలో దిద్దుకొనుచు, 1939 నాటికి నాలుగవ నమూనాను సిద్ధపరచిరి. తుదకు 1940లో సైన్యము వారితో ఒడంబడిక చేసికొనెను. ఐదేండ్ల పట్టుదల ఫలించెను.

ఆ విధముగా వెలసినది రేడియోప్లేను అను సంస్థ. దాని కర్మాగారము కాలిఫోర్నియాలోని వాన్ నైస్ అనుచోట నుండెను. అచట తయారైన ప్రసిద్ధ విమానము రెక్కల కొనల నడుమ సుమారు 12 అడుగుల 3 అంగుళములు వెడల్పును, 104 పౌనుల బరువును కలిగియుండెను. 6 అశ్వశక్తుల ఇంజను రెండు పంకాలను ఎదురెదురు దిశలలో త్రిప్పుచుండెను. వేగము గంటకు 85 మైళ్లు. వడిసెలవంటి యంత్రముతో దీనిని ఆకాశమునకు విసరుదురు. నేలపైనున్న సైనికుడొకడు దీనిని మలుపులు త్రిప్పుచు, దుమికించుచు నడపును. తక్కినవారు గురిచూచి కాల్చెదరు. గుండు తగులనిచో గొడుగువంటి పారాచూటుపై అది మెల్లగా నేలకు దిగును. బాగుచేసి మరల ఎగురవేయుదురు. గుండు తగిలి కూలినచో సైనికుని విద్య ఫలించినట్లే. చోదకుడు లేనందున ఏ తల్లికిని కడుపుకోత లేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి ఇట్టివి సుమారు 15,000 నిర్మింపబడెను. ఆ కర్మాగారమున వేలాది నమూనాలను కూర్చిన చేతులలో స్త్రీల చేతులును కలవు. వారిలో నార్మా జీన్ అను యువతి యొకతె. యుద్ధవార్తల నిమిత్తము వచ్చిన సైనిక ఛాయాగ్రాహకుడు ఆమె చిత్రములు తీసెను. ఆమెయే తరువాత మార్లిన్ మన్రో అను పేర జగత్ప్రసిద్ధ నటియయ్యెను.

1952లో రేడియోప్లేను సంస్థను నార్త్రాపు అను పెద్ద విమాన సంస్థ కొనివేసెను. డెన్నీ యీ కాలమంతయు నటించుచునే యుండెను. 1940 నాటి రెబెక్కా చిత్రమునను, 1966 నాటి బ్యాట్మను చిత్రమునను ఆయనను నేటికిని చూడవచ్చును. 1967వ సంవత్సరము జూను 16వ తేదీన, తాను పుట్టిన రిచ్మండు పట్టణముననే, 75 ఏండ్ల వయసున ఆయన కన్నుమూసెను.

ఆయన నాటిన విత్తు మహావృక్షమై కొమ్మలు వేసెను. గురిగా కూలుటకు పుట్టిన విమానమునకు పిదప కెమేరా అమర్చి శత్రువుల జాడ తీయుటకు పంపిరి. ఆపై ఆయుధములనే మోయించిరి. మన దేశమున బెంగుళూరునందలి రక్షణ పరిశోధకులు లక్ష్య యను పేరున చోదకుడు లేని గురివిమానమును నిర్మించిరి. 2025వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన, నంద్యాలకు పొరుగుననున్న కర్నూలు జిల్లా పరీక్షాక్షేత్రమున, మన శాస్త్రజ్ఞులు లేసరు కిరణపుంజముతో ఒక డ్రోనును కూల్చి చూపిరి. ఆటబొమ్మగా బయలుదేరినది ఇంత దూరము వచ్చెను.

మనుష్యుల ప్రాణములను కాపాడుటకు డెన్నీ విమానమునుండి మనిషిని దింపెను. కాని ఆ విమానమును నడపువాడు నేలపై నున్నాడు. కంటికి కనబడని దారపు కొన అతని చేతిలోనే యున్నది. ఆ విమానము చేసిన మేలునకును, కీడునకును బాధ్యుడతడే. డెన్నీవలె ఓర్పుతో విద్య నేర్చుట యెంత ముఖ్యమో, నేర్చిన విద్యను ఎవరి మేలుకొరకు వినియోగించుచున్నామని తనను తాను ప్రశ్నించుకొనుటయు అంత ముఖ్యము.