బొనవెంతూరా కవలియేరి

మానవుని ముఖమందలి యెముకలలో గాలితో నిండిన గుల్లలు కలవు. నొసటియందును, కన్నుల నడుమను, చెక్కిళ్ళ లోపలను ఉండు ఈ గుల్లలను వైద్యులు సైనసులందురు. ఎండిన కపాలమైనచో వానిలో నీరు పోసి కొలువవచ్చును. జీవించియున్న మనుష్యుని విషయమున అది సాధ్యము కాదు. ఈ చిక్కునకు దారి చూపినవాడు వైద్యుడు కాడు. మూడు శతాబ్దములకు పైగా పూర్వము జీవించిన గణితవేత్త కవలియేరి.

కవలియేరి 1598వ సంవత్సరమున ఇటలీ దేశమందలి మిలాన్ నగరమున జన్మించెను. చిన్నతనముననే సన్న్యాసి సంఘమున చేరెను. పీసా నగరమున కాస్టెల్లి యను గురువునొద్ద రేఖాగణితము నభ్యసించెను. ఆ గురువు మూలమున గెలీలియోతో పరిచయము కలిగెను. 1619లో బొలోన్యా నగరమున గణితాచార్య పదవి కోరగా, మిక్కిలి పిన్నవాడని అధికారులు నిరాకరించిరి. అతడు నిరుత్సాహపడక పదియేండ్లు కృషి చేసెను. తుదకు 1629లో, గెలీలియో ప్రోత్సాహబలమున, ఆ పదవినే పొందెను.

1635లో అతని ముఖ్యగ్రంథము వెలువడెను. వస్త్రము దారముల కూర్పు. పుస్తకము పుటల కూర్పు. అట్లే ప్రతి ఘనాకారమును సమాంతర తలముల కూర్పుగా భావింపవచ్చునని అతడు తలచెను. సమానమైన ఎత్తుగల రెండు ఆకారములను ప్రతి మట్టమునను అడ్డముగా కోసినపుడు, ఆ కోతల వైశాల్యములు సమానమైనచో, వాని ఘనపరిమాణములును సమానములే. నాణెముల దొంతరను ప్రక్కకు ఒరగించినను అందలి లోహము తగ్గదు గదా!

ఈ భావమును అందరును అంగీకరింపలేదు. మందమే లేని తలములను ఎన్ని పేర్చినను మందమెట్లు కలుగునని గుల్డిన్ అను పండితుడు ఆక్షేపించెను. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. కవలియేరి అప్పటికే కీళ్ళవాతముచే బాధపడుచుండెను. అయినను వ్రాత మానలేదు. 1647లో మరియొక గ్రంథము ప్రకటించి ఆక్షేపణలకు సమాధానము చెప్పెను. ఆ యేడే నవంబరు 30వ తేదీన బొలోన్యాలో మరణించెను.

1895లో రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. 1971లో, హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కాన్ యంత్రముతో లండనులో మొదటిసారి ఒక రోగి మెదడు చిత్రింపబడెను. ఈ యంత్రము దేహమును కోయకయే పుటలు పుటలుగా చూపును. ప్రతి పుటయందును సైనసు అంచును గుర్తించి, వైశాల్యము కొలిచి, అన్నిటిని కూడి, పుట మందముచే గుణించినచో ఘనపరిమాణము తేలును. మందము 3 మిల్లీమీటర్లు, వైశాల్యముల మొత్తము 50 చదరపు సెంటీమీటర్లు అయినచో, ఫలితము 15 ఘన సెంటీమీటర్లు. పెద్దవారి చెక్కిలి సైనసు ఒక్కొక్కటి ఇంచుమించు ఇంత యుండును. ఇచ్చట పుటలకు మందము కలదు గనుక గుల్డిన్ ఆక్షేపణకు తావు లేదు. అయితే ఎముకయు గాలియు కలియు అంచులలో కొంత పొరపాటు కలుగును. పుటలు పలుచనైనకొలది అది తగ్గును.

పిల్లలలో ఈ గుల్లలు పెరుగు తీరును, వ్యాధివలన వానిలో కలుగు మార్పును వైద్యులిట్లు తెలిసికొనుచున్నారు. కవలియేరి ఏ రోగినిని పరీక్షింపలేదు. ఆకారముల సత్యమును మాత్రమే వెదకెను. నొప్పితో వంగిన దేహముతో అతడు సాధించిన ఆ విద్య ఇతరుల నొప్పి తీర్చుటకు నేడు తోడ్పడుచున్నది.