అల్ ఖ్వారిజ్మీ: మూల నింపిన మహనీయుడు

మన బేస్తవారిపేట పిల్లలు ఇంటర్మీడియట్‌లో వృత్తాల పాఠం రాగానే బెదిరిపోతుంటారు. సమీకరణం ఇచ్చి కేంద్రం, వ్యాసార్థం కనుక్కోమంటే సూత్రం బట్టీపడతారు. ఆ సూత్రం వెనకున్న కిటుకును బొమ్మ గీసి నేర్పిన పెద్దాయనను మేమిక్కడ తలచుకుంటున్నాం.

మహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ సుమారు 780లో పుట్టారు. ఖలీఫా అల్ మామూన్ (813–833) కాలంలో బాగ్దాదులోని 'బైతుల్ హిక్మా'లో పనిచేశారు. మన దేశపు అంకెలతో లెక్కలు చేసే విధానాన్నీ గ్రంథంగా రాశారు. అల్ జబర్ మీద ఆయన రాసిన పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు లెక్కలే. కొడుకులకూ కూతుళ్లకూ ధర్మప్రకారం రావలసిన వాటాలు తప్పకూడదని ఆయన తపన. ఆ 'అల్ జబర్' పేరే ఆల్జీబ్రా అయింది.

ఒక చతురస్రానికి దాని భుజానికి 10 రెట్లు కలిపితే 39. భుజమెంత? ఆయన 10లో సగం 5 తీసుకున్నారు. బొమ్మలో ఖాళీగా ఉన్న మూలను 25తో నింపారు. మొత్తం 64, దాని మూలం 8. అందులో 5 పోగా భుజం 3.

వృత్త సమీకరణాలు 17వ శతాబ్దంలో యూరపులో వచ్చాయి గానీ కిటుకు ఇదే. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే 6 ఎక్స్, 8 వైల మొత్తానికి సమానం అనుకుందాం. 6లో సగం 3, 8లో సగం 4. వాటి వర్గాలు 9, 16 రెండువైపులా కలిపితే కుడివైపు 25. కేంద్రం (3, 4), వ్యాసార్థం 5. అంతే!

ఆయన సుమారు 850లో కన్నుమూశారు. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, లెక్కలు రావని చదువు మానకూడదు. తల్లిదండ్రులారా, ఆ ఖాళీ మూలను నింపవలసింది మనమే.