చౌధరి పురుషోత్తము

తెలుగు క్రైస్తవ కీర్తన వాఙ్మయమున అగ్రగణ్యుడైన చౌధరి పురుషోత్తము 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించెను. వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము ఆయనది. ఒడ్ర, తెలుగు భాషలు కలసి వినబడు ఆ సీమలో పెరిగినను, ఆయన కవిత్వమునకు తెలుగే భాష యయ్యెను.

లండను మిషనువారు విశాఖపట్టణము చేరినది 1805లో. తెలుగు క్రొత్త నిబంధన మద్రాసున అచ్చుపడినది 1818లో. అచ్చు కాగితములు బోధకులకంటె వేగముగా ఊళ్లు దాటినవి. అట్టి చిన్న పుస్తకమొకటి పురుషోత్తము చేతబడెను. అది సంశయమును రేపినదే గాని వెంటనే తీర్పలేదు. ఆయన అంతకుముందు నాస్తికుడు కాడు, విలాసి కాడు; మోక్షచింత గలిగి, నేర్చిన సాధనలలో తృప్తి కానని గృహస్థుడు. తుదకు 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ముప్పది యేండ్ల బ్రాహ్మణునకు ఆనాడు ఆ చర్యవలన కులము పోవును, బంధుపంక్తి పోవును, పుట్టిన యింట పీటయు పోవును. ఇది తెలిసియే ఆయన పోయెను.

అట్లు పొందిన శాంతి నిలుకడ గలదియో కాదో తెలుపునవి తరువాతి యేబదియేడేండ్లు. శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములలో బోధకుడై తిరుగుచు నూరింటికి పైగా కీర్తనలు రచించెను, శతకములును వ్రాసెను. పాశ్చాత్యుల బాణీలకు తెలుగు మాటలను ఇరికించు రచనల ప్రక్కన వీనిని చదివినచో భేదము స్ఫుటమగును. పల్లవి, చరణములు, రాగతాళములు కర్ణాటక సంగీతమునుండి వచ్చినవి. తన అల్పత్వమును చెప్పుకొని ప్రభువును శరణు వేడు తీరు వైష్ణవ ప్రపత్తికి చుట్టము. మతము మారెను, భక్తుని దాహము మాత్రము మారలేదు. పాత భక్తిమార్గమును ఖండించుచు గద్యము వ్రాసిన చేయియే పాటలలో దాని భాషను విడువలేకపోయినది. దీనిని లోపమని కొందరనవచ్చును గాని, ఆ కీర్తనల బలమంతయు అందే కలదు. ఖండన గ్రంథములను నేడు పరిశోధకులే వెదకి చదువుచున్నారు. కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి సంఘములలో నిలిచినవి.

ఆయన 1890లో మరణించెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టినది అంతకు మూడేండ్ల ముందు, 1887లో. బిలాస్‌పూర్ మీదుగా నాగపురమును ఆసన్‌సోలుతో కలుపు మార్గము 1891లో పూర్తియయ్యెను; వాల్తేరు, కటకముల నడుమ తీరమార్గము 1902లో ఆ కంపెనీకే చేరెను. అనగా పురుషోత్తము సంచరించిన సీమయు బిలాస్‌పూరును ఒకే పట్టాలకు వచ్చినవి. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర కుటుంబములు ఖరగ్‌పూరుకు, బిలాస్‌పూరుకు కొలువులకై వెడలెను. హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ రైల్వే క్వార్టర్లలో ఇంటిభాషను నిలుపుకొనవలసిన వారిలో క్రైస్తవులకు, స్వజిల్లాలో పుట్టిన ఈ కీర్తనలు ప్రార్థనయు తెలుగు పాఠమును గూడ అగుటకు తగినవి.