మూడో కన్నున్న కారు – ప్రెస్టన్ టకర్

చిన్న కార్ల భద్రతపై డిజైన్ పోటీకి దిగే మన పిల్లలకి నేను ముందుగా చెప్పేది ప్రెస్టన్ టకర్ గురించే. ఆయన చేసింది పెద్ద కారే, కంపెనీ మాత్రం చిన్నది.

1903లో మిషిగన్‌లో పుట్టారు. యుద్ధం ముగిశాక చికాగోలో ఫ్యాక్టరీ పెట్టారు. స్టీరింగుతో పాటు తిరిగే మూడో లైటు, గుద్దుకుంటే బయటికి ఊడిపోయే ముందు అద్దం, మెత్తటి డాష్‌బోర్డు 1948లోనే ఆ కారుకి అమర్చారు. ఇంతలో మదుపుదారులను మోసగించారని కేసు! 1950 జనవరిలో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. అప్పటికే ఫ్యాక్టరీ మూతపడింది. తయారైనవి 51 కార్లే. 1956లో, 53 ఏళ్ళకే, కాన్సరుతో పోయారు.

తల తగిలినా దెబ్బ తగ్గించే డాష్‌బోర్డు 1968 నుంచి అమెరికాలో తప్పనిసరి అయింది. పిల్లలూ, బహుమతి రాకపోయినా మీరు గీసిన డిజైన్ పారేయకండి!