అమ్మమ్మ బానిస.. మనవడు గవర్నర్! సౌతాఫ్రికా వైన్ లిస్టు వెనకున్న మనిషి కథ ఇదీ..

సౌతాఫ్రికా వైన్ బాటిల్ మీద ఎక్కువగా కనిపించే పేర్లు స్టెల్లెన్‌బాష్, కాన్‌స్టాన్షియా, ఫ్రాన్స్‌హుక్. చాలామందికి నోరు తిరగని పేర్లు ఇవి. కానీ ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకే మనిషి. పేరు సైమన్ వాన్ డెర్ స్టెల్. 300 ఏళ్ల కిందట చనిపోయిన ఈ డచ్ గవర్నర్ కథ తెలిస్తే, రెస్టారెంట్‌లో ఏ ప్లేటుకు ఏ బాటిల్ అడగాలో కూడా సులువుగా అర్థమవుతుంది. ఇంకో విషయం.. ఇతని రక్తంలో భారతీయ వాటా కూడా ఉంది. ఆ వివరాలు చూద్దాం.

నడిసంద్రంలో పుట్టాడు

1639 అక్టోబర్ 14. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మారిషస్ వైపు వెళుతోంది. ఆ ద్వీపానికి కమాండర్‌గా ఛార్జ్ తీసుకోవడానికి వెళుతున్న ఏడ్రియన్ వాన్ డెర్ స్టెల్ అందులో ఉన్నాడు. అతని భార్య మరియా లీవెన్స్ ఆ ఓడలోనే మగబిడ్డను కన్నది. ఆ పిల్లాడే సైమన్.

మరియా తల్లి పేరు మోనికా. గోవా తీరానికి చెందిన స్త్రీగా రికార్డుల్లో ఉన్న ఈమె, బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. అంటే సైమన్‌కు సొంత అమ్మమ్మ భారతీయురాలు, ఒకప్పటి బానిస. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కథలో ముందు ముందు దీనికి చాలా బరువుంది.

సైమన్‌కు ఏడేళ్లు కూడా నిండకముందే తండ్రి పోయాడు. 1646లో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, జరిగిన పోరులో చంపేశారు. కుర్రాడు బటావియాలో, ఇప్పటి జకార్తాలో పెరిగాడు. దాదాపు 20 ఏళ్ల వయసులో మొదటిసారి హాలెండ్‌లో అడుగుపెట్టాడు. 1663లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని పలుకుబడి ఉన్న సిక్స్ కుటుంబానికి అల్లుడయ్యాడు. భార్య యొహానా సిక్స్. వీళ్లకు ఆరుగురు పిల్లలు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర్లోని మౌడర్‌బర్గ్‌లో ద్రాక్షతోటలు చూసుకుంటూ వైన్ పని నేర్చుకున్నాడు. చలి ఎక్కువ, ఎండ తక్కువ ఉండే చోట ద్రాక్ష పండించడం మామూలు విషయం కాదు. ఆ అనుభవమే తర్వాత పనికొచ్చింది.

కేప్‌కు ఎందుకు పంపారు?

డచ్ కంపెనీ ఓడలు యూరప్ నుంచి ఆసియాకు పోవాలంటే ఆఫ్రికా కొసను చుట్టి రావాలి. నెలల తరబడి ప్రయాణం. మధ్యలో నీళ్లు, కూరగాయలు, మాంసం కావాలి. అందుకే 1652లో యాన్ వాన్ రీబీక్ అనే అధికారి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర ఒక మజిలీ పెట్టాడు. తనే ద్రాక్ష మొక్కలు తెప్పించి నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న అక్కడ మొదటిసారి ద్రాక్ష పిండి వైన్ తీశారు. ఇంత కచ్చితమైన పుట్టిన తేదీ ఉన్న వైన్ దేశాలు ప్రపంచంలో చాలా అరుదు.

కానీ అసలు సమస్య ఏంటంటే, ఆ వైన్ బాగా ఉండేది కాదు. ద్రాక్ష పండకముందే కోసేసేవాళ్లు. పీపాలు సరిగ్గా కడిగేవాళ్లు కాదు. పులుపెక్కిన ఆ సరుకుకు పేరు రాలేదు.

అలాంటి టైమ్‌లో, 1679 అక్టోబర్ 12న సైమన్ కమాండర్‌గా కేప్‌లో దిగాడు. ఇంకో రెండు రోజుల్లో 40 ఏళ్లు నిండుతాయి. పిల్లలు వెంట వచ్చారు. భార్య మాత్రం హాలెండ్‌లోనే ఉండిపోయింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

వచ్చిన నెలకే ఊరికి తన పేరు

దిగిన కొద్ది వారాలకే సైమన్ లోపలి ప్రాంతాలు చూడ్డానికి గుర్రమెక్కాడు. ఒక నది ఒడ్డున, కొండల మధ్య పచ్చని లోయ కనిపించింది. 1679 నవంబర్‌లో అక్కడ ఊరు పెట్టాలని నిర్ణయించాడు. దానికి తన పేరే పెట్టుకున్నాడు. స్టెల్లెన్‌బాష్ అంటే స్టెల్ గారి అడవి అన్నమాట. తర్వాత ఒక సముద్రపు పాయకు కూడా తన పేరే పెట్టాడు. అదే ఇవాళ్టి సైమన్స్ టౌన్. పేరు మీద మోజు అతనికి కాస్త ఎక్కువే!

అయితే పని కూడా అంతే గట్టిగా చేయించాడు. రైతులకు భూములిచ్చాడు. వేల కొద్దీ ఓక్ చెట్లు నాటించాడు. స్టెల్లెన్‌బాష్‌ను ఇప్పటికీ ఓక్ చెట్ల ఊరు అంటారు. ద్రాక్ష విషయంలో రూల్ పెట్టాడు. తనిఖీ చేసేవాళ్లు వచ్చి, పండు సరిగ్గా పండిందని చెప్పాకే పిండాలి. ముందే పిండితే జరిమానా. కేప్ వైన్ రుచి మారడం మొదలైంది ఇక్కడి నుంచే.

ఇందులో ఒక మాట చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది. సైమన్ రైతులకు పంచిన భూములు ఖాళీ భూములు కావు. ఖోయిఖోయి ప్రజలు తరతరాలుగా పశువులు మేపుకుంటున్న నేలలు. 1659లోనే డచ్‌వాళ్లకూ వాళ్లకూ ఈ భూముల కోసమే యుద్ధం జరిగింది. ఊళ్లు పెరిగినకొద్దీ వాళ్లు వెనక్కి జరిగిపోవాల్సి వచ్చింది.

1685.. ఒకే ఏడాది, రెండు ఆర్డర్లు

సైమన్ జీవితంలో 1685 చాలా ముఖ్యమైన ఏడాది. కంపెనీ తరఫున తనిఖీకి హెండ్రిక్ వాన్ రీడ్ అనే పెద్ద అధికారి కేప్‌కు వచ్చాడు. ఇతను మన కేరళవాళ్లకు బాగా తెలిసిన మనిషే. మలబార్‌లో డచ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు అక్కడి మొక్కల మీద హోర్టస్ మలబారికస్ అనే భారీ గ్రంథాన్ని తయారు చేయించింది ఈయనే.

వాన్ రీడ్ ఆ ఏడాది రెండు పనులు చేశాడు. ఒకటి, టేబుల్ మౌంటెన్ వెనక వైపున 891 మోర్గెన్‌ల భూమిని సైమన్‌కు సొంతానికి రాసిచ్చాడు. మన లెక్కలో 1,800 ఎకరాలకు పైనే. సైమన్ దానికి కాన్‌స్టాన్షియా అని పేరు పెట్టి ద్రాక్షతోట వేశాడు.

రెండోది.. యూరోపియన్ మగవాళ్లు బానిస స్త్రీలను పెళ్లి చేసుకోకూడదని ఆర్డర్ ఇచ్చాడు. తండ్రి తెల్లవాడై పుట్టిన మిశ్రమ సంతతి స్త్రీలకు మాత్రమే మినహాయింపు.

ఈ ఆర్డర్ అమలు చేయాల్సిన కమాండర్ ఎవరు? విడుదలైన బానిస స్త్రీకి సొంత మనవడు. సైమన్ తాత ఇలాంటి రూల్ కింద ఉండి ఉంటే, ఆ పెళ్లే జరిగేది కాదు. సైమన్ పుట్టేవాడే కాదు. ఈ విడ్డూరం అతని మనసును కదిపిందో లేదో గానీ, ఉద్యోగం మాత్రం మామూలుగానే చేసుకుపోయాడు.

తోటలో చెమట ఎవరిది?

కాన్‌స్టాన్షియాలో నేల దున్నింది, తీగలు కట్టింది, పండు కోసింది ఎక్కువగా బానిసలే. మడగాస్కర్ నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి తెచ్చినవాళ్లు. కోరమాండల్ అంటే మన తూర్పు తీరమే. ఆ రోజుల్లో డచ్ కంపెనీకి మచిలీపట్నంలోనూ, పులికాట్‌లోనూ వ్యాపార స్థావరాలు ఉండేవి. కరువు వచ్చి జనం తిండికి అల్లాడినప్పుడల్లా ఈ తీరంలో మనుషుల్ని కొని ఓడలెక్కించడం జరిగేది.

కేప్‌లో ఆ మనుషులకు సొంత ఇంటిపేర్లు ఉండేవి కాదు. ఎక్కడి నుంచి తెచ్చారో అదే ఇంటిపేరు. ఫలానా బెంగాల్ మనిషి, ఫలానా కోరమాండల్ మనిషి అని రాసేవాళ్లు. ఊరి పేరు మిగిలింది, అసలు పేరు పోయింది. కేప్‌లో బానిసత్వం రద్దయింది 1834లో. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది. ద్రాక్షతోటల్లో కూలీకి జీతంలో భాగంగా వైన్ పోసే అలవాటు మాత్రం 20వ శతాబ్దం దాకా సాగింది. దానివల్ల ఎన్నో కుటుంబాలు తాగుడుకు బలయ్యాయి.

ఫ్రెంచ్‌వాళ్లు వచ్చారు

1688లో ఇంకో మలుపు. ఫ్రాన్స్‌లో మతం పేరుతో వేధింపులు భరించలేక పారిపోయిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లను కంపెనీ కేప్‌కు పంపింది. సైమన్ వాళ్లకు భూములిచ్చాడు. కానీ అంతా ఒకేచోట గుంపుగా ఉంటే తమ భాష, తమ గుంపు అంటారని డచ్ రైతుల మధ్య చెల్లాచెదురుగా సర్దాడు. వాళ్లలో చాలామంది స్థిరపడిన లోయకే ఫ్రాన్స్‌హుక్ అని పేరొచ్చింది. ఫ్రెంచ్‌వాళ్ల మూల అని అర్థం.

1691లో సైమన్ హోదా కమాండర్ నుంచి గవర్నర్‌కు పెరిగింది. 1699లో రిటైర్ అయ్యాడు. కుర్చీ కొడుకు విల్లెమ్ ఏడ్రియన్‌కు దక్కింది. కొడుకు తండ్రిని మించాలనుకున్నాడో ఏమో, వెర్గెలెగెన్ అనే భారీ ఎస్టేట్ కట్టుకుని వైన్, మాంసం వ్యాపారాలను గుప్పిట్లో పెట్టుకోబోయాడు. రైతులు తిరగబడ్డారు. ఏడమ్ టాస్ అనే రైతు ముందుండి కంపెనీకి ఫిర్యాదు రాయించాడు. 1707లో కొడుకు ఉద్యోగం పోయింది. కేప్ వదిలి వెళ్లిపోయాడు. సైమన్ మాత్రం కాన్‌స్టాన్షియాలోనే తోట చూసుకుంటూ ఉండిపోయాడు. 1712 జూన్ 24న అక్కడే కన్నుమూశాడు. వయసు 72.

చనిపోయాక వచ్చిన పేరు

సైమన్ పోయాక ఎస్టేట్‌ను మూడు ముక్కలు చేసి అమ్మేశారు. 1778లో హెండ్రిక్ క్లూటే అనే వ్యక్తి గ్రూట్ కాన్‌స్టాన్షియా భాగాన్ని కొని, తియ్యటి కాన్‌స్టాన్షియా వైన్‌ను యూరప్ రాజుల టేబుళ్లకు చేర్చాడు. సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న నెపోలియన్ కూడా ఈ వైనే తెప్పించుకునేవాడు. జేన్ ఆస్టెన్ నవల సెన్స్ అండ్ సెన్సిబిలిటీలో కూడా దీని ప్రస్తావన ఉంది. తర్వాత మార్కెట్ పడిపోయింది. 1885లో ప్రభుత్వమే గ్రూట్ కాన్‌స్టాన్షియాను కొనేసింది. తీగల వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు కూడా ఆ కాలంలోనే కేప్ తోటల్ని దెబ్బకొట్టింది. ఆ తియ్యటి వైన్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది 1980ల్లో. క్లెయిన్ కాన్‌స్టాన్షియా వాళ్లు వాన్ ద కాన్‌స్టాన్స్ పేరుతో దాన్ని తిరిగి తెచ్చారు.

ఇంతకీ డిన్నర్‌లో ఏది అడగాలి?

సైమన్ కథలోని ఊళ్లే ఇక్కడ గైడ్. సౌతాఫ్రికాలో 1973 నుంచి ఊరి పేరుకు చట్టం ఉంది. లేబుల్ మీద స్టెల్లెన్‌బాష్ అని ఒరిజిన్ రాస్తే, ద్రాక్ష మొత్తం అక్కడిదే కావాలి. ద్రాక్ష రకం పేరు రాస్తే కనీసం 85 శాతం ఆ రకమే ఉండాలి. అందుకే ముందు ఊరు, తర్వాత ద్రాక్ష పేరు చూడండి.

* మొదట్లో, స్టార్టర్లతో: క్యాప్ క్లాసిక్. షాంపేన్ పద్ధతిలోనే బాటిల్‌లో బుడగలు పుట్టించే వైన్. వేపుడు స్నాక్స్, ఉప్పటి ఐటమ్స్‌తో బాగుంటుంది.

* చేప, రొయ్యలు: కాన్‌స్టాన్షియా సావిన్యాన్ బ్లాంక్. ఈ తోటలకు సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. చల్లదనం వల్ల పండులో పులుపు నిలుస్తుంది. చేప మీద నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది.

* చికెన్, మసాలా కూర: షెనిన్ బ్లాంక్. సౌతాఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువగా సాగయ్యే ద్రాక్ష ఇదే. పాతవాళ్లు స్టీన్ అంటారు. ఆసియా నుంచి వచ్చిన బానిసల వంటింట్లో పుట్టిన కేప్ మలయ్ కూరకు, బొబోటీకి ఇది సరైన జోడీ. ఘాటు ఎక్కువైతే కొంచెం తీపి ఉన్న రకం అడగండి. వగరు ఎక్కువున్న రెడ్ వైన్ అయితే కారాన్ని ఇంకా మండిస్తుంది.

* నిప్పుల మీద కాల్చిన మాంసం: పినొటాజ్. 1925లో స్టెల్లెన్‌బాష్‌లో ప్రొఫెసర్ ఏబ్రహాం పెరోల్డ్ రెండు ద్రాక్షల్ని కలిపి పుట్టించిన రకం. పినో నోయిర్ ఒకటి, అప్పట్లో అక్కడ హెర్మిటేజ్ అని పిలిచిన సాన్సో ఇంకొకటి. పొగ వాసన ఉన్న మాంసానికి ఇది బాగా కుదురుతుంది.

* మటన్, బీఫ్ స్టేక్: స్టెల్లెన్‌బాష్ కాబర్నే సావిన్యాన్. ఇందులోని వగరు మాంసం కొవ్వుతో కలిసి మెత్తబడుతుంది.

* చివర్లో స్వీట్: వాన్ ద కాన్‌స్టాన్స్. అర లీటర్ బాటిల్‌లో వస్తుంది, ధర ఎక్కువే. గ్లాస్ లెక్కన ఇస్తారేమో అడగండి. ఆప్రికాట్ జామ్ వేసి చేసే మాల్వా పుడ్డింగ్‌తోనో, బ్లూ చీజ్‌తోనో తీసుకోవచ్చు. ఒక్క రూల్.. వైన్ తీపి, స్వీట్ తీపి కంటే తగ్గకూడదు. తగ్గితే వైన్ పుల్లగా అనిపిస్తుంది.

చివరగా, లేబుల్ మీద ఎప్పుడూ కనిపించని పేరు ఒకటుంది. స్టెల్ పేరు ఊరికి మిగిలింది, సైమన్ పేరు సముద్రపు పాయకు మిగిలింది. మోనికా పేరు మాత్రం ఏ ఊరికీ, ఏ బాటిల్‌కూ పెట్టలేదు. 1949లో ఇదే దేశం తెల్లవాళ్లకు, మిగతావాళ్లకు మధ్య పెళ్లిళ్లను నిషేధిస్తూ చట్టం చేసింది. 1985 దాకా అది అమల్లోనే ఉంది. దేశానికి వైన్ పేరు తెచ్చిన గవర్నర్ అమ్మమ్మ ఎవరన్నది ఆ చట్టం చేసినవాళ్లకు గుర్తుకు రాలేదు.

గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఈ కథనం సమాచారం కోసం మాత్రమే.